మన జిల్లా పేరుకు 39 బైట్లు

తండాల చరిత్ర, పెంటల చరిత్ర మన గ్రూపులో చాలాసార్లు చదివినం. ఈసారి మన పేర్లు కంప్యూటర్‌లోకి ఎట్లా వచ్చినయో రాస్తున్న. పొడుగైనా చివరిదాకా చదవండి.

కంప్యూటర్‌కు అక్షరం తెలువదు, నంబరే తెలుసు. 1963లో అమెరికాలో ఆస్కీ అనే పట్టిక తయారైంది. అందులో మొత్తం 128 గళ్లు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులతోనే అవి నిండినయి. తెలుగుకు గడి లేదు. 1991లో మన దేశంలో ఇస్కీ ప్రమాణం వచ్చింది. అదే ఏడాది యూనికోడ్ మొదటి వెర్షన్‌లో తెలుగుకు సొంత నంబర్లు దొరికినయి. మరి మన ఆదివాసీ లిపులకు? పాత ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండీ లిపికి 2018లో చోటు వచ్చింది. తెలుగు తర్వాత 27 ఏండ్లకు.

గడి లేకుంటే పేరును ఇంగ్లిష్‌లో రాయాలె. అక్కడ ‘డ’కు, ‘ద’కు ఒక్కటే అక్షరం. ‘ల’కు, ‘ళ’కు కూడా ఒక్కటే. మూడావత్ ఇంగ్లిష్‌కు పోయి తిరిగి తెలుగులోకి వచ్చేసరికి ముదావత్ కావచ్చు.

ఇప్పుడు మన జిల్లాల సంగతి చూద్దాం. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలె. ఒత్తు, గుణింతం, పొల్లు దేనికదే లెక్క. గద్వాలకు 18, వనపర్తికి 21. నాగర్‌కర్నూల్‌కు 39! ఎందుకంటే ‘ర్’ కింద ‘క’ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి పెడతరు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. దానికీ 3 బైట్లే.

ఒరాకిల్ డేటాబేస్‌లో 12.2 వెర్షన్ వచ్చేదాకా టేబుల్ పేరు 30 బైట్లు దాటొద్దు. అంటే మన జిల్లా పేరు తెలుగులో పెడితే పట్టదు. ఇంగ్లిష్‌లో అదే పేరుకు 12 బైట్లు చాలు. తర్వాత ఆ హద్దును 128 చేసిన్రు. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా 63.

డేటా రెండు మూడు సర్వర్లలో ఉంటే చిక్కు ఇంకా పెద్దది. ఒక సర్వర్ యూనికోడ్‌లో, ఇంకోటి తెలుగు తెలియని పాత పద్ధతిలో ఉంటే పేరు పోయే దారిలోనే ప్రశ్న గుర్తులైతది. రెండూ యూనికోడే అయినా, ఒక చోట పేరు చివర ఆ కనపడని గుర్తు ఎక్కువ పడితే మనిషి కంటికి రెండూ ఒక్కటే, మిషన్‌కు రెండు వేరు జిల్లాలు. ఒక సర్వర్‌లో కుల ధ్రువీకరణ, ఇంకోదాంట్ల స్కాలర్‌షిప్ ఉన్నయనుకోండి. పేరు కలవకుంటే పిల్లగాని అర్జీ ఆగుతది. తప్పు ఎక్కడుందో ఎవరికీ కనపడదు.

మనలో కంప్యూటర్ కోర్సు చదివేటోళ్లు, డేటా ఎంట్రీ చేసేటోళ్లు ఉన్నరు. మీరు చేయగలిగిన పని ఉంది. సర్వర్ల మధ్య జతకు కోడ్ నంబరు వాడండి, పేరు మీద ఆధారపడొద్దు. పేరును మాత్రం యూనికోడ్ తెలుగులో పూర్తిగా దాచండి. పోల్చేముందు కనపడని గుర్తులు తీసేసి పోల్చండి. మిషన్‌కు నంబరు చాలు. మన తండాకు, పెంటకు, ఇంటిపేరుకు మాత్రం పిలిచినట్టే రాసిన పేరు కావాలె. దానికి గడి ఇప్పుడు ఉంది.