పిల్లల ఆటవస్తువుల భద్రత: నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు – హస్తకళాకారులకు మినహాయింపు

పద్నాలుగు సంవత్సరముల లోపు బాలబాలికలు ఆడుకొనుటకు ఉద్దేశించిన వస్తువులు భారతీయ ప్రమాణములకు అనుగుణముగా ఉండి, ఐ.ఎస్.ఐ. ముద్ర కలిగియుండవలెనన్న నిబంధన 2021 జనవరి 1వ తేదీన దేశవ్యాప్తముగా అమలులోనికి వచ్చినది. కేంద్ర వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ పరిధిలోని పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగము 2020 ఫిబ్రవరి 25న జారీ చేసిన ఆటవస్తువుల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు దీనికి ఆధారము. తొలుత 2020 సెప్టెంబరు 1గా నిర్ణయించిన అమలు తేదీని తరువాత పొడిగించిరి. ఎగుమతి కొరకు మాత్రమే తయారు చేయు సరుకునకు ఇది వర్తించదు.

సీసము కలిసిన రంగుల కారణముగా 2007లో చైనా తయారీ బొమ్మలను అనేక దేశములలో అంగళ్ళ నుండి వెనుకకు రప్పించవలసి వచ్చినది. మరుసటి ఏడాది అమెరికా ఇందుకై ప్రత్యేక చట్టము చేసినది. భారత ప్రభుత్వము 2009 జనవరిలో చైనా బొమ్మల దిగుమతిపై ఆరు నెలల నిషేధము విధించి, కొద్ది వారములలోనే సడలించినది. 2017 సెప్టెంబరులో దిగుమతి సరుకునకు ప్రమాణములను తప్పనిసరి చేసినను, దేశీయ తయారీదారులకు అట్టి నిర్బంధము లేకపోయినది. ఒకే అంగడిలో పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలకు రెండు నీతులన్నమాట. 2020 ఉత్తర్వు ఈ భేదమును తొలగించినది. విదేశీ తయారీదారు సైతము భారతీయ ప్రమాణాల సంస్థ నుండి లైసెన్సు పొందవలెను.

విద్యుత్తు లేక బ్యాటరీతో నడవని బొమ్మలకు ఐ.ఎస్. 9873 శ్రేణి, నడుచు వాటికి ఐ.ఎస్. 15644 వర్తించును. పరీక్షలు చదువుటకు సాంకేతికముగా కనిపించినను, ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క ప్రమాదమున్నది. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మ నుండి ఊడివచ్చు ఏ భాగమును 31.7 మిల్లీమీటర్ల వ్యాసము గల కొలగొట్టములో పూర్తిగా ఇమిడిపోరాదు. ఇమిడినచో అది పసిబిడ్డ గొంతుకు అడ్డుపడగలదని అర్థము. రంగు నుండి సీసము, పాదరసము, కాడ్మియం, ఆర్సెనిక్ మున్నగు ఎనిమిది మూలకములు ఎంతమేరకు కరిగి వెలువడునో చూచెదరు. సీసమునకు పరిమితి కిలోకు 90 మిల్లీగ్రాములు. ఇది బొమ్మలోనున్న మొత్తము సీసము కాక, జీర్ణాశయములోని ఆమ్లమును పోలిన ద్రావణములో వెలువడు పరిమాణమన్న సంగతి వార్తలలో తరచు మరుగున పడుచున్నది. ప్లాస్టిక్‌ను మెత్తబరచు థాలేట్లకు వేరుగా పరిమితి కలదు. చిన్న బొత్తాము బ్యాటరీల అర పనిముట్టు లేనిదే తెరుచుకొనరాదు. మింగిన బ్యాటరీ అన్నవాహికను కొద్ది గంటలలోనే కాల్చివేయగలదు. బలమైన అయస్కాంతములు రెండు మ్రింగినచో పేగు గోడలను నడుమ బిగించి రంధ్రము చేయును. బొమ్మ ధర ఎంత తక్కువైనను ఈ పరీక్షలలో సడలింపు లేదు.

తెలుగు రాష్ట్రములకు ముఖ్యమైన విషయము మినహాయింపునకు సంబంధించినది. 2020 ఫిబ్రవరి ఉత్తర్వులో హస్తకళాకారుల ప్రస్తావన లేదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించు కుటుంబమునకు ప్రయోగశాల, లైసెన్సు రుసుము అందుబాటులోని మాటలు కావు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన సవరణ ప్రకారము, హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు స్వయముగా తయారు చేసి విక్రయించు వస్తువులకు, భౌగోళిక గుర్తింపు గల ఉత్పత్తులను నమోదిత యజమాని లేక అధీకృత వినియోగదారు తయారు చేసి విక్రయించునప్పుడు, ఐ.ఎస్.ఐ. ముద్ర అవసరము లేదు. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలు మూడింటికిని ఈ గుర్తింపు కలదు.

తనిఖీ అధికారులు గమనింపదగిన అంశమిది: మినహాయింపు పేరునకు కాదు, తయారీదారునకు. కళాకారుని గుర్తింపు కార్డు లేక అధీకృత వినియోగదారు నమోదు చూపినచో సరుకును స్వాధీనము చేసుకొనుట తగదు. కార్ఖానాలో అచ్చుపోసి ‘ఏటికొప్పాక’ అను చీటీ అతికించిన బొమ్మకు మాత్రము ఈ రక్షణ లేదు.

ముద్ర నుండి మినహాయింపు లభించినంత మాత్రమున రంగు నిరపాయకరమని భావింపరాదు. కొలువులో నిలుపు అంబారీ ఏనుగు వేరు, బిడ్డ నోట పెట్టుకొను లక్కపిడత వేరు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రపై లక్క పూయు కళాకారులు ఒక దశలో రసాయనిక రంగులకు మొగ్గినను, గింజలు, బెరడు, వేళ్ళ నుండి తీసిన రంగులు తిరిగి వాడుకలోనికి వచ్చినవి. ఈ కృషిలో ప్రముఖులైన శ్రీ సి.వి. రాజునకు 2023లో పద్మశ్రీ ప్రకటించిరి. చట్టము కోరకున్నను కళాకారుల సహకార సంఘములు రంగుల నమూనాలను పరీక్ష చేయించుకొనుట వ్యాపారమునకు సైతము మేలు.

ఉల్లంఘనలకు భారతీయ ప్రమాణాల సంస్థ చట్టము, 2016 రెండేళ్ళ వరకు జైలు, లేక మొదటి తప్పునకు రెండు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేక రెండును నిర్దేశించినది. తిరిగి తప్పు చేసిన జరిమానా ఐదు లక్షలకు తగ్గదు. సరుకు విలువకు పది రెట్ల వరకు పెరుగవచ్చును. 2023 జనవరిలో సంస్థ వెల్లడించిన ప్రకారము, అంతకుముందు నెల రోజులలో పెద్ద విక్రయశాలల నుండి సైతము 18,600 బొమ్మలు స్వాధీనమైనవి. అదే సమయమున ఆన్‌లైన్ విక్రయ సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు జారీ చేసినది.

ముద్ర నిజమైనదో కాదో తెలిసికొనుటకు దానిపైన ప్రమాణ సంఖ్య, క్రింద ‘సి.ఎం./ఎల్.’తో మొదలగు లైసెన్సు సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్యను ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో నమోదు చేసినచో లైసెన్సుదారు పేరు కనిపించును. ఫిర్యాదులను అదే యాప్ ద్వారా గాని, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు గాని, సంస్థ హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము శాఖా కార్యాలయములకు గాని పంపవచ్చును.