తుపాకి గొట్టం చెప్పే చరిత్ర: ఆకారం, బరువు, రాజ్యాధికారం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• తుపాకి గొట్టం పొడవు, ఆకారం, బరువులను నిర్ణయించిన కారణాలను వివరించగలుగుతారు.
• 18వ శతాబ్ది చివర హైదరాబాదు రాజ్యంలో ఆయుధాల తయారీలో వచ్చిన మార్పును విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల విద్యార్థులకు నాగపూర్ రహదారి పరిచితమే. మేడ్చల్ మీదుగా ఆ దారిన ఉత్తరానికి వెళ్తే కామారెడ్డి, ఆపైన నిర్మల్ వస్తాయి. నిర్మల్, కోనసముద్రం పరిసరాలు ఒకప్పుడు మూస ఉక్కుకు ప్రసిద్ధి. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు కోనసముద్రం దాకా వచ్చేవారు. అదే దారిన దక్షిణానికి వస్తే హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అనే పేట ఉంది. ఇంత మంచి ఉక్కు, ఇంత నేర్పు గల కమ్మరులు ఉన్న రాజ్యం 1798 తరువాత రక్షణ కోసం ఈస్టిండియా కంపెనీపై ఎందుకు ఆధారపడింది? తుపాకి గొట్టాన్ని పరిశీలిస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

2. మందు స్వభావం, గొట్టం పొడవు

ఆనాటి తుపాకిమందు సూరేకారం, బొగ్గు, గంధకాల మిశ్రమం. ఐరోపాలో స్థిరపడిన పాళ్లు సుమారు 75, 15, 10. ఈ మందు మండినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగా, అంటే మసిగా మిగులుతుంది. అది గొట్టంలో పేరుకుంటుంది కాబట్టి గుండును రంధ్రం కంటే కొంచెం చిన్నదిగా పోసేవారు. గొట్టం పొడవైతే వాయువు గుండును ఎక్కువ దూరం నెడుతుంది, గురి చూడటానికీ అనువుగా ఉంటుంది. భారతదేశపు వత్తి తుపాకి (తోడాదార్) గొట్టం పొడవుగా ఉండటానికి ఇవి ముఖ్య కారణాలు.

3. ఆకారం

మందు పేలే చోట, అంటే గొట్టం అడుగు భాగంలో, ఒత్తిడి అత్యధికం. మూతివైపు పోయేకొద్దీ అది తగ్గుతుంది. అందుకే గొట్టాన్ని అడుగున మందంగా, ముందుకు సన్నబడేలా చేసేవారు. కొన్నింటికి మూతి దగ్గర మళ్లీ ఉబ్బు ఉంటుంది.

గొట్టాలు గుండ్రంగానో, ఎనిమిది పలకలుగానో ఉండేవి. పలకల గొట్టాన్ని సుత్తితో, ఆకురాయితో సరిచేయడం సులువు. పైపలక చదునుగా ఉండటం వల్ల గురిబిళ్ల అమర్చడమూ తేలికే. కాని అంతే మందం గల గుండ్రని గొట్టంతో పోలిస్తే దానికి ఇనుము ఎక్కువ పడుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కత్తికి పదును నిలవాలి కాబట్టి గట్టి ఉక్కు కావాలి. గొట్టం మాత్రం పేలుడు దెబ్బకు పగలకూడదు. అందుకే సాధారణంగా సాగే గుణమున్న ఇనుప పట్టీని కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి, అతికి గొట్టం చేసేవారు. కత్తికి పేరు తెచ్చిన ఉక్కు గొట్టానికి కూడా శ్రేష్ఠమని అనుకోరాదు.

4. బరువు

30 గ్రాముల గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో వెలువడిందనుకోండి. మందు బరువును లెక్కించకపోతే, 4 కిలోల తుపాకి సెకనుకు 3 మీటర్ల వేగంతో వెనక్కి తన్నుతుంది. 6 కిలోల తుపాకి 2 మీటర్ల వేగంతోనే తన్నుతుంది. బరువు పెరిగితే భుజానికి దెబ్బ తగ్గుతుంది, గురి నిలుస్తుంది. అయితే ఆ బరువును రోజంతా మోయవలసింది సిపాయే. కోట గోడపై ఆనించి కాల్చే తుపాకికి బరువు మేలు. నడిచే సిపాయికి అది భారం.

బరువుకు అవధి లేదనుకుంటే గోల్కొండ పెట్లబురుజుపై ఉన్న ఫతే రహబర్ ఫిరంగిని చూడండి. దాని బరువు సుమారు 16 టన్నులు. అయినా 1687లో ఔరంగజేబు సైన్యం సుమారు ఎనిమిది నెలలు ముట్టడించిన ఈ కోట చివరకు లోపలివారి ద్రోహంతోనే లొంగిపోయింది.

5. కొలిమి నుంచి కార్ఖానాకు

కమ్మరి చేసిన ప్రతి గొట్టమూ వేరు. ఒకదాని గుండు మరొకదానికి సరిపోకపోవచ్చు. తన తుపాకికి తానే గుండ్లు పోసుకునే వేటగానికి ఇది లోపం కాదు. వేలమంది సిపాయిలకు ఒకే రకం గుండ్లు అందించవలసిన రాజ్యానికి మాత్రం ఇది పెద్ద లోపం. కంపెనీ వాడిన ‘ఇండియా పాటర్న్’ మస్కెట్ గొట్టం 39 అంగుళాలు, రంధ్రం సుమారు ముప్పావు అంగుళం. దాని బలం నాణ్యత కన్నా ఏకరూపతలోనే ఎక్కువగా ఉంది.

నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఈ సంగతి గ్రహించాడు. 1795 మార్చిలో ఖర్దా వద్ద నిజాం మరాఠాల చేతిలో ఓడిపోయాడు. రేమండ్ హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. నేటి గన్‌ఫౌండ్రీ పేరు దాని నుంచే వచ్చింది. రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. సెప్టెంబరులో సైన్యసహకార ఒప్పందం కుదిరింది. అక్టోబరులో అతని దళాలను నిరాయుధం చేశారు.

6. సారాంశం

గొట్టం ఆకారం, బరువు కేవలం పనివాని అభిరుచి కావు. మందు స్వభావం, ఇనుము గుణం, వాడేవాని అవసరం కలిసి వాటిని నిర్ణయించాయి. హైదరాబాదు రాజ్యానికి కరువైనది నేర్పు కాదు. ఆ నేర్పును ఏకరూప ఉత్పత్తిగా మలచే వ్యవస్థ అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటుండగా, రాజకీయ నిర్ణయం ఆ సైన్యాన్నే రద్దు చేసింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గొట్టం అడుగు భాగం మందంగా ఎందుకు ఉండేది?
2. వేటగానికి లోపం కానిది రాజ్యానికి లోపం ఎలా అయింది?
3. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగాన్ని దర్శించి, ఒక తుపాకి గొట్టం ఆకారాన్ని బట్టి దానిని ఎవరు, ఎక్కడ వాడి ఉంటారో 10 వాక్యాలలో రాయండి.