కన్నము వేయువాని కోరిక

చౌర్యమును శాస్త్రముగా వర్ణించుట భారతీయ సాహిత్యమునకు క్రొత్త కాదు. 'మృచ్ఛకటికము'న శర్విలకుడు కుమారస్వామిని తలచి, యజ్ఞోపవీతముతో గోడను కొలిచి కన్నము వేయును. దండి సృష్టించిన అపహారవర్మ చంపానగరపు లోభులను దోచును. ఆ కథను 13వ శతాబ్దమున కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చెను. కావున జాన్ హూస్టన్ 1950లో అమెరికాలో తీసిన 'ది ఆస్ఫాల్ట్ జంగిల్' తెలుగు పాఠకునకు పూర్తిగా పరాయిది కాదు. తారువీథుల అడవి యని ఆ పేరునకు అర్థము.

డబ్ల్యు. ఆర్. బర్నెట్ 1949లో ప్రకటించిన నవల దీనికి మూలము. నేరగాండ్ర చిత్రములు అంతకుముందును కలవు. కాని పనివాండ్రను ఎన్నుకొనుట మొదలు సొమ్ము చేతులు మారు వరకు దోపిడిని ఒక వృత్తికార్యమువలె అంచెలంచెలుగా చూపిన ఈ చిత్రము పిదప వచ్చినవానికి ఒరవడి యయ్యెను. 1955 నాటి ఫ్రెంచి చిత్రము 'రిఫిఫి', 1956 నాటి 'ది కిల్లింగ్' ఈ త్రోవలోనివే.

చెరనుండి వెలువడిన వృద్ధుడు రీడెన్‌ష్నైడర్ నగల దోపిడికి ఉపాయము పన్నును. నేర్పరియైన చియావెల్లి గోడను తొలిచి, పేలుడు మందుతో ఇనుప పెట్టెను తెరచును. లెక్కలో లోపము లేదు. ఐనను కావలివాని తుపాకి జారిపడి ప్రేలగా చియావెల్లి గాయపడును.

నేరస్థునకు శిక్ష తప్పక కలుగవలెనని నాటి అమెరికా చిత్రసీమలో నియమముండెను. హూస్టన్ దానిని పాటించెను. కాని శిక్షను వారి కోరికలయందే నిలిపెను. విలాసములకు అలవడి దివాలా తీసిన న్యాయవాది ఎమెరిక్ సహచరులను వంచింపజూచి, తుదకు ఆత్మహత్య చేసికొనును. పారిపోవుచున్న వృద్ధుడు ఒక ఫలహారశాలలో యువతి నాట్యమును చూచుచు క్షణకాలము జాగుచేసి పట్టువడును. తన కుటుంబము కోల్పోయిన గుఱ్ఱముల క్షేత్రమును మరల కొనగోరిన డిక్స్, నెత్తురోడుచు కెంటకీ చేరి, ఆ పచ్చికలోనే ప్రాణము విడుచును.

శర్విలకుడును కోరికవలననే దొంగ యయ్యెను. దాసియైన మదనికను విడిపించుటకు అతనికి ధనము కావలసెను. కాని ఆమెయే నగలను తిరిగి ఇప్పింపగా, ఆ మాటలు చాటున విన్న వసంతసేన ఆమెకు స్వేచ్ఛ నొసగెను. శూద్రకుని ఉజ్జయినిలో దొంగ తప్పును దిద్దుకొనుటకు ఒక వాకిలి తెరచియుండెను. హూస్టన్ నగరమున అట్టి వాకిలి లేదు. రెండు దొంగతనములకు నడుమ గల భేదము నేర్పునందు కాదు, దొంగ తిరిగి వచ్చినపుడు ఎదురగు మనుష్యులయందు కలదు.