వారసత్వపు వేట తుపాకి: పుట్టుక, విలువల నిర్ధారణ

వ్యాససంగ్రహం: జమీందారీ కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న రెండు గొట్టాల వేట తుపాకుల పుట్టుకను కుటుంబ కథనాన్ని బట్టి, తుపాకి మీది పేరును బట్టి నిర్ణయించడం పరిపాటి. ఆ పేరు చాలా సందర్భాలలో అమ్మకందారుదేనని, తయారైన చోటునూ కాలాన్నీ గొట్టాల అడుగునున్న పరీక్ష ముద్రలు తెలుపుతాయని, ఆ ముద్రలను చదివిన తరువాతే విలువను గురించి మాట్లాడడం సాధ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వేట తుపాకి, పరీక్ష ముద్ర, బర్మింగ్‌హామ్, లియేజ్, జమీందారీ వ్యవస్థ, ఆయుధ చట్టం.

1. ఉపోద్ఘాతం

1878 నాటి ఆయుధ చట్టం భారతీయులు లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడాన్ని నిషేధించి, కొన్ని వర్గాలకు మినహాయింపులు కల్పించింది. దానితో తుపాకి వేట సాధనంగానే కాక హోదాకు గుర్తుగా కూడా మారింది. మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం, హైదరాబాదు రాష్ట్రంలో 1949 నాటి జాగీర్ల రద్దు ఆ హోదాకు ఆధారమైన భూమిని తొలగించాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట కూడా ముగింపునకు వచ్చింది. తుపాకి మాత్రం ఇంట్లో మిగిలింది. ఇటువంటి వస్తువును చారిత్రక ఆధారంగా ఎట్లా చదవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

2. పేరు చెప్పేది, చెప్పనిది

భారతదేశంలోని పాత వేట తుపాకుల మీద కలకత్తాకు చెందిన మాంటన్, రోడా, మద్రాసుకు చెందిన పి. ఓర్ అండ్ సన్స్ వంటి సంస్థల పేర్లు కనిపిస్తాయి. ఇవి ప్రధానంగా వర్తక సంస్థలు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో విప్లవకారులు అపహరించిన 50 మౌజర్ పిస్తోళ్ళు రోడా సంస్థ తెప్పించుకున్న సరుకులోనివి; అవి తయారైనది జర్మనీలో. వర్తకుని పేరుకూ తయారీ స్థలానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ ఒక్క ఉదాహరణ స్పష్టం చేస్తుంది. బర్మింగ్‌హామ్‌లో అనేకమంది చిన్న పనివారు గొట్టం, తాళపు యంత్రం, కర్రపిడి వేరువేరుగా తయారుచేసేవారు. పూర్తయిన తుపాకి మీద కొనుగోలు చేసిన వర్తకుని పేరు చెక్కేవారు.

మరొక చిక్కు అనుకరణ. బర్మింగ్‌హామ్‌లో 1812లో స్థాపితమైన వెస్ట్లీ రిచర్డ్స్ సంస్థ ఖ్యాతిని ఆసరా చేసుకొని, 'డబ్ల్యూ. రిచర్డ్స్' అన్న పేరుతో బెల్జియంలో తయారైన తుపాకులు అమెరికా విపణిలో విరివిగా అమ్ముడుపోయాయి. కనుక పేరు పరిశోధనకు ఆరంభమే కాని నిర్ణయం కాదు.

3. పరీక్ష ముద్రల సాక్ష్యం

గొట్టాలను పిడి నుండి విడదీసినప్పుడు వాటి అడుగున చదునైన భాగం మీద చిన్న ముద్రలు కనిపిస్తాయి. అధిక మోతాదు మందుతో పేల్చి, గొట్టం తట్టుకుందని ధ్రువీకరించిన ముద్రలివి. లండన్ తుపాకి పనివారి సంఘానికి 1637లో రాజపత్రం లభించింది. లియేజ్ పరీక్షాలయం 1672లో, బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1813లో ఏర్పడ్డాయి.

కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు బర్మింగ్‌హామ్ పాత ముద్ర. 1904లో దాని స్థానంలో కిరీటంతో కూడిన బి.పి., బి.వి. అక్షరాలు వచ్చాయి. అండాకారంలో ఇ.ఎల్.జి. అక్షరాలుంటే అది లియేజ్. దానిపై కిరీటం ఉంటే ఆ ముద్ర 1893కు తరువాతిది. 'నాట్ ఫర్ బాల్' అన్న మాటలు 1875-1887 మధ్యకాలాన్ని సూచిస్తాయి. 12 అన్న అంకె గొట్టపు వ్యాసానికి గుర్తు: ఆ గొట్టంలో సరిపోయే సీసపు గుండ్లు 12 కలిస్తే ఒక పౌను తూగుతాయి, వ్యాసం సుమారు 18.5 మి.మీ.

ముద్ర తెలిపేది పరీక్ష జరిగిన కాలాన్ని. పాత తుపాకిని తరువాత మళ్ళీ పరీక్షించడం కద్దు. అందువల్ల ఒకే గొట్టం మీద రెండు కాలాల ముద్రలుంటే, తొలి ముద్ర పుట్టుకను, మలి ముద్ర దాని తదుపరి జీవితాన్ని చెబుతాయి.

4. 'డమాస్కస్' గొట్టం: ఒక అపోహ

గొట్టం మీద అలలవంటి చారలుంటే దానిని డమాస్కస్ గొట్టమంటారు. తెలంగాణలోని కోనసముద్రం ప్రాంతపు మూస ఉక్కుకు డమాస్కస్ కత్తులతో సంబంధం ఉందన్న ప్రసిద్ధి వల్ల, ఈ గొట్టాలను కూడా ఆ ఉక్కుతో ముడిపెట్టే అవకాశం ఉంది. అయితే ఇనుము, ఉక్కు కడ్డీలను కలిపి మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి అతికించిన పని ఇది. మూస ఉక్కులో చారలు లోహపు అంతర్నిర్మాణం నుండి వస్తాయి. ఇక్కడ అవి అతుకు నుండి వస్తాయి. ఇటువంటి గొట్టాలలో చాలా వాటిని నల్ల తుపాకిమందుకే పరీక్షించారు. పొగరాని మందుకు పరీక్షించిన ముద్ర లేని తుపాకిలో నేటి తూటా పేల్చడం ప్రాణాపాయం.

5. విలువ

విపణి విలువ తయారీదారు స్థాయి, గొట్టపు గోడ మందం, భాగాలన్నీ తొలినాటివేనా అన్న అంశాల మీద ఆధారపడుతుంది. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ వంటి సంస్థలు క్రమసంఖ్యల వారీ చిట్టాలను భద్రపరిచాయి. వాటి తుపాకుల తొలి కొనుగోలుదారును గుర్తించడం సాధ్యం. కొత్తదనం కోసం గొట్టాలను అరగదీసి మెరుగుపెడితే ముద్రలు చెరిగి, రెండు విలువలూ నశిస్తాయి.

చారిత్రక విలువ ఇంతకంటే విస్తృతమైనది. సాధారణ బెల్జియం తుపాకి కూడా లియేజ్ కార్ఖానా నుండి ఒక తెలుగు గ్రామం దాకా సాగిన వర్తకానికి సాక్ష్యం. దానితోపాటు లైసెన్సు పుస్తకం, కొనుగోలు రసీదు, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ఆధీనంలోకి వెళ్ళిన ఎస్టేట్ల కాగితాలు లభిస్తే ఆ సాక్ష్యం బలపడుతుంది.

6. చట్టం, ఆధారాల నష్టం

1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సుదారు మరణిస్తే వారసుడు తుపాకిని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు కలిగిన వర్తకుని వద్ద గాని జమచేసి, తన పేర లైసెన్సు పొందవలసి ఉంటుంది. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను 3 నుండి 2కు తగ్గించింది. వారసత్వపు తుపాకులకూ ఇదే పరిమితి. ప్రజాభద్రత దృష్ట్యా ఈ నియంత్రణ సమంజసమే. కాని జమ రసీదులో తుపాకి రకం, సంఖ్య మాత్రమే నమోదైతే, ఇల్లు దాటిన తుపాకి చరిత్ర ఆ రెండు మాటలకు కుదించుకుపోతుంది.

7. ముగింపు

- తుపాకి మీది పేరును వర్తక చరిత్రకు, పరీక్ష ముద్రలను తయారీ చరిత్రకు ఆధారంగా వేరుచేసి చదవాలి.
- కుటుంబ కథనాన్ని తోసిపుచ్చనక్కరలేదు. ముద్రలతో అది విభేదించినచోట, ఆ కుటుంబం తన గతాన్ని ఎట్లా ఊహించుకుందో తెలుస్తుంది.
- జమచేయడానికి ముందే లైసెన్సు కలిగిన తుపాకి పనివాని సహాయంతో ముద్రలను ఛాయాచిత్రాలుగా, కొలతలను లిఖితంగా భద్రపరచాలి. జమీందారీ కుటుంబాల పత్రాలను సేకరించే పరిశోధకులు ఈ నమోదును తమ పనిలో భాగం చేసుకుంటే, ఆయుధం చేతులు మారినా ఆధారం నిలుస్తుంది.