అణువుల చిట్టా – ఆవర్జా

తొర్రూరులో పత్తి కాలం వచ్చిందంటే పురుగుమందుల దుకాణాల ముందు ఒక సంభాషణ తప్పకుండా వినబడుతుంది. రైతు సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి గల్లాపెట్టె ముందు పెట్టి, "సేటూ, ఇదే మందియ్యి" అంటాడు. "గది అయిపోయింది కాకా, గిది తీస్కపో. రెండూ ఒకటే" అని సమాధానం. "ఒకటే అయితె పేరెందుకు ఏరున్నది?" అని రైతు అనుమానం. దుకాణదారు డబ్బా తిప్పి, కింద చీమతలకాయంత అక్షరాలలో అచ్చయిన మరో పేరు చూపిస్తాడు. రైతు దానిని చదవలేడు. నిజం చెప్పాలంటే ఆ పేరు చదువుకున్నవాడి నోరు కూడా తిరగదు.

'రెండూ ఒకటే' అన్న మాట నిజమో కాదో కచ్చితంగా తేల్చే పద్ధతిని ఏర్పరచుకోవడానికి రసాయన శాస్త్రానికి సుమారు ఎనభై ఏళ్ళు పట్టింది. ఆ కథలో మన ప్రాంతానికి భాగం ఉంది, బాధ కూడా ఉంది.

ముందు బాధ సంగతి. 1997–98లో వరంగల్ జిల్లా పత్తిని లద్దె పురుగు తినివేసింది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. అప్పు చేసి కొన్న ఆ మందునే తాగి అనేకమంది రైతులు చనిపోయారు. 1997 నుంచి 2002 వరకు వరంగల్లో ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పురుగుమందు విషంతో వచ్చినవారిని లెక్కించిన ఒక వైద్య అధ్యయనం 2005లో వెలువడింది. వచ్చినవారు 8,040 మంది. వారిలో నూటికి దాదాపు 23 మంది బతకలేదు. ఏ మందో తెలిసిన మరణాలలో అధిక భాగం రెండే రెండు పదార్థాల వలన సంభవించాయి: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. కొందరికి తగని విరుగుడు అందిందని కూడా ఆ అధ్యయనం నమోదు చేసింది.

ఈ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. మోనోక్రోటోఫాస్ ఫాస్ఫరస్ జాతి విషం. అట్రోపిన్ దానికి విరుగుడు. ఎండోసల్ఫాన్ క్లోరిన్ జాతికి చెందినది. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, మూర్ఛలను అదుపు చేయడమే వైద్యం. అర్ధరాత్రి ఎడ్లబండిలోనో ఆటోలోనో తెచ్చిన మనిషి పక్కన చుట్టం ఒక చినిగిన చీటీతో, లేదా "ఎర్ర మూత డబ్బా" అన్న ఒక్క గుర్తుతో నిలబడి ఉంటే, వైద్యుడికి కావలసింది వ్యాపారనామం కాదు, అందులోని అణువేదో తెలియాలి. పదార్థాలకు తిరుగులేని గుర్తింపు ఎందుకు అవసరమని ఎవరైనా అడిగితే నాకు మొదట ఈ దృశ్యమే గుర్తుకు వస్తుంది.

పేరు చాలదు సరే, ఫార్ములా చాలదా? చాలదని పత్తి పువ్వే చెబుతుంది. తిరువేంకట రాజేంద్ర శేషాద్రి మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసి వచ్చి, 1930లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర శాఖను నిర్మించారు. అక్కడ నీలకంఠం మొదలైన సహచరులతో కలిసి పత్తి, గోగు కుటుంబపు పువ్వుల రంగు పదార్థాలను పట్టుదలగా శోధించారు. పత్తి పువ్వుకు పసుపు రంగునిచ్చే వాటిలో గాసిపెటిన్ అనే పదార్థం ఒకటి: 15 కార్బన్, 10 హైడ్రోజన్, 8 ఆక్సిజన్ పరమాణువులు. మొక్కలో ఇది తరచు ఒక గ్లూకోజ్ అణువును తగిలించుకుని ఉంటుంది. ఆ గ్లూకోజ్ ఎనిమిదవ స్థానంలో తగిలితే గాసిపిన్, ఏడవ స్థానంలో తగిలితే గాసిపిట్రిన్. రెండింటిలోనూ పరమాణువుల లెక్క ఒక్కటే, తేడా అంతా చోటులోనే. ఒకే ఇంటివాళ్ళు ఒకే గదిలో అటూ ఇటూ మారి కూర్చున్నట్లు! కాని ప్రకృతి దృష్టిలో ఇవి రెండు వేర్వేరు పదార్థాలు. ఏ స్థానంలో ఉన్నదో నిర్ణయించడానికి ఆనాటి పరిశోధకులు నెలల తరబడి పదార్థాన్ని విడగొట్టి, మళ్ళీ కూర్చి, ద్రవీభవన స్థానాలు పోల్చి చూడవలసి వచ్చేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వాల్తేరు ప్రాంగణాన్ని సైన్యం తీసుకోగా విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. అక్కడి ఇరుకులోనూ ఆ పని ఆగలేదు. చిట్టాలో ఒక కొత్త పద్దు చేర్చడం అంటే ఇది.

ఆ చిట్టాను మొదట ఒంటిచేత్తో రాసినవాడు బైల్‌స్టైన్. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో ఉంటూ, జర్మన్ భాషలో, అప్పటికి తెలిసిన కర్బన సమ్మేళనాలను 1881–83లో రెండు సంపుటాలకు ఎక్కించాడు. తరువాత ఆ పని ఒక మనిషికి మించిపోయింది. 1907లో అమెరికాలో కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ మొదలయింది. 1965లో ఆ సంస్థే ప్రతి పదార్థానికీ ఒక సంఖ్య ఇవ్వడం ప్రారంభించింది. ఆ సంఖ్యలో అర్థమేమీ ఉండదు. అది వరుస సంఖ్య మాత్రమే. అయితే చివరి అంకె కాపలాదారు. ఉదాహరణకు మోనోక్రోటోఫాస్ సంఖ్య 6923-22-4. చివరి 4ను పక్కనబెట్టి, మిగిలిన అంకెలను కుడి నుంచి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5, 6లతో గుణించి కూడండి: 2, 4, 9, 8, 45, 36. మొత్తం 104. అందులో చివరి అంకె 4. సరిపోయింది! రాసేటప్పుడు ఒక్క అంకె తప్పినా చాలాసార్లు ఈ లెక్క తప్పుతుంది. మన ఊళ్ళలో లెక్కలు రాసే గుమాస్తా ఎవరైనా చూస్తే ముచ్చటపడి ఉండేవాడు.

సంఖ్య ఇవ్వడం సులువే. వచ్చిన పదార్థం ఇదివరకే చిట్టాలో ఉన్నదా అన్నది తేల్చడమే కష్టం. ఒకే అణువును ఒకరు ఎడమ నుంచి, ఒకరు కుడి నుంచి, ఒకరు తలకిందులుగా గీస్తారు. యంత్రానికి ఇవన్నీ వేర్వేరు బొమ్మలు. మనకు ఈ చిక్కు కొత్త కాదు. ఒక పత్రిక ఖతిలో రాసిన తెలుగు మరొక ఖతిలో పిచ్చిగీతలుగా కనబడిన రోజులు మనం అనుభవించినవే. యూనికోడ్ వచ్చి 'క'కు 3093 అన్న ఒక్క సంఖ్యనిచ్చి ఆ గోల తీర్చింది. అంతటితో అయిపోలేదు. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద మరొక గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి కావు. అందుచేత వెతికే ముందు రెండింటినీ ఒక ప్రామాణిక రూపానికి తేవాలని నియమం పెట్టారు. అణువుల విషయంలో ఆ పనిని 1965లో మోర్గాన్ అనే ఆయన సాధించాడు. ప్రతి పరమాణువుకూ ఎంతమంది పొరుగువారో ముందు లెక్కపెట్టాలి. తరువాత ప్రతిదానికీ దాని పొరుగువారి లెక్కల మొత్తం ఇవ్వాలి. వేర్వేరు విలువల సంఖ్య పెరగడం ఆగేవరకు అలా చేస్తూ పోయి, అన్నిటికంటే పెద్ద విలువ వచ్చిన పరమాణువు దగ్గర నుంచి సంఖ్యలు వేసుకుంటూ రావాలి. ఎవరు ఎటు నుంచి గీసినా చివరకు ఒకే వరుస తేలుతుంది. 2005లో అంతర్జాతీయ రసాయన సమాఖ్య వెలువరించిన ఇంచి అనే ఉచిత గుర్తింపు పద్ధతి కూడా ఈ ఆలోచనకు వారసురాలే.

ఇంతచేసినా మనిషి పొరపాటుకు చోటుంది. మోనోక్రోటోఫాస్ అణువులో రెండు కార్బన్‌ల నడుమ ఒక జంటబంధం ఉంటుంది. దాని చుట్టూ ఉన్న భాగాలు ఎటువైపు ఉన్నాయన్న దాన్నిబట్టి రెండు రూపాలు. నేను పైన చెప్పిన సంఖ్య ఒక రూపానిది. రెండవ రూపానికి 919-44-8 అని వేరే సంఖ్య. ఏ రూపమో చెప్పకుండా వదిలేస్తే 2157-98-4 అని మూడవది. బొమ్మ గీసేవాడు ఒక్క గీతను అజాగ్రత్తగా పెడితే సమాచారం వేరే పద్దులోకి వెళ్ళిపోతుంది. విషప్రభావం ఒక చోట, విరుగుడు వివరం మరొక చోట చేరతాయి.

ఇక పాత పద్దును దిద్దడం గురించి. దీనికి మన వాకిట్లోని వేపచెట్టును మించిన ఉదాహరణ లేదు. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చనిదాన్నల్లా తింటూ వేపచెట్లను మాత్రం వదిలివేయడాన్ని ష్ముటరర్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త గమనించాడు. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గాన్ (ఈ మోర్గాన్ వేరే) వేపగింజల నుంచి అజాడిరక్టిన్‌ను వేరుచేశారు. 35 కార్బన్, 44 హైడ్రోజన్, 16 ఆక్సిజన్ పరమాణువులున్న మహా చిక్కుముడి అది. 1970లలో ఒక నిర్మాణాన్ని ప్రతిపాదించారు. పేరున్న ప్రయోగశాల నుంచి వచ్చినది కనుక అందరూ దానినే రాసుకున్నారు. అది తప్పు. 1985లో జర్మనీలో క్రౌస్ బృందం, ఇంగ్లండులో లే బృందం సరైన నిర్మాణాన్ని తేల్చాయి. ఆ నిర్మాణాన్ని ప్రయోగశాలలో మొదటినుంచి కట్టి చూపడానికి లే బృందానికి 22 ఏళ్ళు పట్టి, 2007లో పూర్తయింది. మరి ఆ మధ్యకాలంలో పాత బొమ్మను ఎత్తిరాసుకున్న పుస్తకాల మాటేమిటి? అసలు చిట్టాలో దిద్దితే నకళ్ళు వాటంతట అవి మారవు. తప్పు చాలా దీర్ఘాయుష్షు గల ప్రాణి.

ఈ చేర్చే పనీ దిద్దే పనీ 2000లలో హైదరాబాదుకు బతుకుతెరువుగా వచ్చాయి. 2001లో స్థాపితమైన జీవీకే బయోసైన్సెస్ పత్రికలలోనూ పేటెంట్లలోనూ ఉన్న సమ్మేళనాలను, అవి ఏ ప్రోటీన్ మీద ఎంత ప్రభావం చూపాయో ఆ అంకెలతో సహా, ఏరి కూర్చి గోస్టార్ అనే దత్తాంశనిధిని రూపొందించింది. తరువాత ఆ శాఖ ఎక్సెల్రా అయింది. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన మన పిల్లలు పరీక్షనాళిక పట్టకుండా తెరముందు కూర్చుని, జపాన్ పేటెంటులోని నూరవ ఉదాహరణ దగ్గర షడ్భుజులు గీశారు. ఇది గుమాస్తాగిరీ అని తీసిపారేసేవారిని చూశాను. నేను ఒప్పుకోను. పేటెంటులో 'పై ఉదాహరణలో వలెనే' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ఏ భాగం మారిందో, ఏది మారలేదో ఊహించి గీయడానికి శేషాద్రిగారి శిష్యులకున్నంత ఓపిక కావాలి. కాకపోతే ఆ గీసినవారి పేరు ఎక్కడా ఉండదు.

ఆ నిధులకు డబ్బు చెల్లించాలి. 2004లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పబ్‌కెమ్‌ను అందరికీ ఉచితంగా తెరిచినప్పుడు, 2005లో అమెరికన్ కెమికల్ సొసైటీ అభ్యంతరం చెప్పింది. ప్రజాధనంతో తమ వ్యాపారానికి పోటీ పెట్టరాదన్నది వారి వాదన. పబ్‌కెమ్ నిలిచింది. దాని అమరిక మన షావుకార్ల లెక్కల పద్ధతే. ఎవరు ఏది పంపితే దానిని పంపినట్లే ఒక చోట రాసుకుంటారు, అది చిట్టా. వాటిని ప్రామాణిక రూపానికి తెచ్చి, ఒకటే అయినవాటిని ఒక పద్దు కింద చేరుస్తారు, అది ఆవర్జా. తప్పు దొరికినప్పుడు అది ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో చిట్టా చూపిస్తుంది.

ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లోనే ఉత్తర్వు వచ్చింది. అయినా 2013లో బీహారులో ఒక బడి భోజనంలో వంటనూనెతో పాటు అదే వెళ్ళి 23 మంది పిల్లలను బలిగొన్నది.

గాసిపెటిన్ సంఖ్య 489-35-0. ఓపిక ఉన్నవారు చివరి సున్నాను సరిచూసుకోవచ్చు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మా వైపు చేలన్నీ దాదాపు దానితోనే నిండాయి. ఆ పువ్వు వెలిసిన తెలుపుతో విచ్చి మరునాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. నిండు పసుపుతో పూసే దేశవాళీ పత్తిని తొర్రూరు చుట్టుపక్కల నేను చూసి చాలా ఏళ్ళయింది.