పోయొస్తా సరే, ఎన్ని గంటలకి?

ఈ ఎపిసోడ్ నల్లమల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నల్లమలలోకి పోయిన మనిషి గురించి బయట ఉన్నవాళ్ళకి ఏం తెలుసు అనే దాని గురించి.

మన ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. బయల్దేరేవాణ్ణి "యాడికి?" అని అడగకూడదు. అడిగితే పోయిన పని కాదంటారు. ఎవరన్నా అడిగేస్తే మళ్ళీ లోపలికొచ్చి, నీళ్ళు తాగి, కాసేపు కూర్చొని బయల్దేరాలి. ఇంకో పద్ధతి, "పోతున్నా" అనకూడదు, "పోయొస్తా" అనాలి. తిరిగి రావడం ఆ మాటలోనే ఉంది. మంచి మాటే. కానీ అందులో రెండు సంగతులు లేవు: యాడికి, ఎన్ని గంటలకి. బజారుకి పోయేటప్పుడు అవి లేకపోయినా నడిచిపోతుంది. అడవికి పోయేటప్పుడు అవి లేకపోతే, మనకేమన్నా అయినప్పుడు వెతికేవాళ్ళకి మొదలుపెట్టే చోటే ఉండదు.

ముందు మ్యాప్ చూద్దాం. నంద్యాల ఊరికి తూర్పున గోడ కట్టినట్టు కనిపించే కొండలే నల్లమల. నంద్యాల నుంచి దక్షిణంగా పోతే ఆళ్ళగడ్డ, అక్కణ్ణుంచి తూర్పుకి తిరిగితే అహోబిలం. ఉత్తరంగా పోతే ఆత్మకూరు, ఆ పైన అడవి దాటితే శ్రీశైలం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా ఇదంతా కర్నూలు జిల్లా. ఇప్పుడు వీకెండ్ వస్తే బైకులేసుకొని అహోబిలం పోయి, ఉగ్రస్తంభం ఎక్కి రీల్ తీసుకొచ్చే కుర్రాళ్ళు చాలామంది. ఇదే అడవిలోకి 1830లో ఒకాయన ఎలా పోయాడో చూడండి.

ఆయన పేరు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న దాదాపు వందమందితో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. తిరుపతి, కడప మీదుగా అహోబిలం వచ్చాడు. తర్వాత మహానంది, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం. అప్పట్లో ఈ ప్రాంతం కర్నూలు నవాబు చేతిలో ఉండేది. ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి కాలిదారి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా పోతుంది. శివరాత్రికి, ఉగాదికి నడిచిపోయే భక్తులు ఇప్పటికీ వాడే దారి అదే.

వందమంది ఉండటం ఒక రక్షణ. అంతకంటే నాకు ముఖ్యంగా అనిపించేది వేరే ఉంది. వీరాస్వామి దారి పొడుగునా తన ప్రయాణం సంగతులు రాసి, మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపుతూ ఉండేవాడు. ఏ ఊరు ఎంత దూరం, అక్కడ నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దారి ఎట్లుంది, అన్నీ ఉండేవి. వీరాస్వామి 1836లో పోయాక, 1838లో పిళ్ళై వాటినే కాశీయాత్ర చరిత్రగా అచ్చు వేయించాడు. తెలుగులో మొదటి యాత్రాచరిత్రల్లో ఒకటిగా మనం చదువుకునే పుస్తకం అలా పుట్టింది. పుస్తకం సంగతి పక్కన పెట్టి చూడండి. వీరాస్వామి ఎంతవరకు చేరాడో, తర్వాత ఎటు పోతాడో తెలిసిన మనిషి ఒకాయన మద్రాసులో కూర్చొని ఉన్నాడు. ఉత్తరం చేరడానికి రోజులు పట్టే కాలంలోనే ఆ ఏర్పాటు ఉంది.

అడవి లోపల ఆ పని చెంచులది. శ్రీశైలం యాత్రికులకు దారి చూపడం, కాపలా కాయడం వాళ్ళు చేసేవాళ్ళు, దానికి యాత్రికుల దగ్గర రుసుము తీసుకునేవాళ్ళు. అంటే ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు బయటపడ్డారు అనేది ఆ అడవిలో ఉండేవాళ్ళకి తెలుస్తూనే ఉండేది.

ఆళ్ళగడ్డ చుట్టుపక్కల వాళ్ళకి తెలిసిన ఉదాహరణ ఇంకోటి చెప్తా. పారువేట. సంక్రాంతి అయిపోగానే అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఊళ్ళ మీదికి బయల్దేరుతుంది. దాదాపు 40 రోజులు, ముప్పైకి పైగా ఊళ్ళు. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటుందో ముందే తెలుసు. మా ఊరికి ఫలానా రోజు స్వామి వస్తాడని ఇల్లు సున్నం కొట్టుకొని, చుట్టాల్ని పిలుచుకొని ఎదురుచూస్తారు. ఒక్క పూట ఆలస్యమైతే చాలు, "ఇంకా రాలేదేంది?" అని ఊరంతా అడుగుతుంది. అట్లా అడిగే మనిషి ఉండటమే ట్రిప్ ప్లాన్.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని టైమౌట్ అంటాం. ఒక సర్వర్ పడిపోతే, "నేను పడిపోయా" అని అదే మెసేజ్ పంపలేదు. అందుకే ఇంకో మెషీన్ దాన్ని గమనిస్తూ ఉంటుంది. ఇన్ని సెకన్లలో జవాబు రాకపోతే అలారం కొడుతుంది. కాలు విరిగి లోయలో పడ్డవాడు కూడా మెసేజ్ పంపలేడు. కాబట్టి అలారం బయట ఉన్న మనిషి చేతిలో ఉండాలి.

ఇదే ఆలోచన మీద విమానాల ప్రపంచం మొత్తం నడుస్తుంది. బయల్దేరే ముందు ఫ్లైట్ ప్లాన్ ఇస్తారు: ఎటు పోతున్నాం, ఎంతమంది ఉన్నాం, ఇంధనం ఎంతసేపు వస్తుంది. కబురు రావాల్సిన టైం దాటి 30 నిమిషాలైనా రాకపోతే మొదటి దశ, అనుమానం. అడగాల్సిన చోటల్లా అడిగినా ఆచూకీ లేకపోతే రెండో దశ, హెచ్చరిక. ఎంత వెతికినా జాడ లేకపోయినా, ఇంధనం అయిపోయి ఉండాల్సిన టైం దాటినా మూడో దశ, ఆపద. ఏ దశలో ఎవరు ఏం చెయ్యాలో ముందే రాసి ఉంటుంది. భయపడాలా వద్దా అని ఆ క్షణంలో ఎవరూ ఆలోచించుకునే పని లేదు.

ఇప్పుడు మన అందరికీ గుర్తున్న రోజుకి వద్దాం. 2009 సెప్టెంబర్ 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు, ఇంకో నలుగురు, బెల్ 430 హెలికాప్టర్‌లో ఉదయం 8:38కి బేగంపేట నుంచి చిత్తూరుకి బయల్దేరారు. రచ్చబండ కార్యక్రమం. పదిన్నర ప్రాంతంలో చిత్తూరులో దిగాలి. దిగలేదు. దారిలో నల్లమల, పైన మబ్బు, వాన.

ఆ రోజు వెతకడానికి ఏం దిగాయో చూడండి. ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు, సుఖోయ్ యుద్ధవిమానం, ఇస్రో రాడార్ శాటిలైట్ రీశాట్-2, వేలమంది సీఆర్పీఎఫ్, పోలీసు బలగాలు, వాళ్ళతోపాటు అడవి తెలిసిన స్థానికులు. దేశంలో ఉన్న టెక్నాలజీ అంతా ఒకే అడవి మీద. అయినా మరుసటి రోజు ఉదయం తొమ్మిది దాటాకే ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్‌కి పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. దాదాపు 24 గంటలు. ఐదుగురూ చనిపోయారు. విచారణ కమిటీ తేల్చిన దాని ప్రకారం ప్రమాదం జరిగింది ఉదయం 9:27 ప్రాంతంలో. వాతావరణం వల్ల గాలి బలంగా కిందికి తోసేసింది, హెలికాప్టర్ అదుపు తప్పి కొండను గుద్దుకుంది. ఆత్మకూరు దగ్గర నల్లకాలువలో ఇప్పుడు స్మృతివనం ఉంది.

ఆ ప్రమాదంలో వెంటనే కనుక్కొని ఉన్నా ప్రాణాలు దక్కేవి కావు. నేను చెప్పేది వెతుకులాట గురించే. ఒక ముఖ్యమంత్రి విషయంలో బయల్దేరిన టైం తెలుసు, దారి తెలుసు, దిగాల్సిన టైం తెలుసు. రానప్పుడు నిమిషాల్లో కదిలే యంత్రాంగం ఉంది. ఇవన్నీ ఉన్నా నల్లమల ఒక రోజు తీసుకుంది. మరి అహోబిలంలో దారి తప్పిన నలుగురు కుర్రాళ్ళ విషయంలో, ఎటు పోయారో కూడా తెలియకపోతే?

చిన్న లెక్క వేద్దాం. అడవిలో గంటకి 2 కిలోమీటర్లు నడుస్తారనుకోండి. 4 గంటల్లో 8 కిలోమీటర్లు. ఏ దిక్కుకి పోయారో తెలియకపోతే 8 కిలోమీటర్ల చుట్టు గీయాలి. సుమారు 200 చదరపు కిలోమీటర్లు. 8 గంటలైతే చుట్టు 16 కిలోమీటర్లు, వెతకాల్సింది 800 చదరపు కిలోమీటర్లు. టైం రెట్టింపైతే ఏరియా నాలుగింతలు అవుతుంది. అదే "జ్వాలా నరసింహ గుడి నుంచి ఉగ్రస్తంభం దారి" అని ఒక్క ముక్క తెలిస్తే, చుట్టు పోయి గీత మిగులుతుంది. ఆ గీత వెంట, దానికి అటూ ఇటూ వెతికితే చాలు.

దిక్కు చెప్పకుండా పోతే ఏమవుతుందో సినిమాగా కూడా చూశారు చాలామంది. ఏ.ఆర్. రెహమాన్ మ్యూజిక్ ఇచ్చిన 127 అవర్స్, 2010లో వచ్చింది. అది ఆరన్ రాల్‌స్టన్ అనే అమెరికన్ నిజ కథ. 2003 ఏప్రిల్ 26న యూటాలో ఒక ఇరుకు లోయలోకి ఒంటరిగా దిగాడు. ఏ లోయకి పోతున్నాడో ఎవరికీ చెప్పలేదు. బండరాయి కింద కుడిచెయ్యి ఇరుక్కుంది. ఐదు రోజుల తర్వాత చెయ్యి తానే కోసుకొని బయటపడ్డాడు. డ్యూటీకి రాలేదని వెతుకులాట మొదలైంది. అతను నిపుణుడు, ఫిట్‌గా ఉన్నాడు, సామాను ఉంది. లేనిదల్లా ఎవరికో ఒకరికి చెప్పిన ఒక్క వాక్యం.

"మా ఫోన్‌లో జీపీఎస్ ఉంది కదా బ్రో" అంటారు. ఉంది. జీపీఎస్ శాటిలైట్ నుంచి వినడానికే. టవర్ లేకపోయినా మీరెక్కడున్నారో మీకు చూపిస్తుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి పంపాలంటే మాత్రం నెట్‌వర్క్ కావాలి. వాట్సాప్ లైవ్ లొకేషన్ కూడా అంతే, సిగ్నల్ పోయిన చోటే ఆగిపోతుంది. శాటిలైట్ ఫోన్ అంటారా, మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. ఒక్క మంచి సంగతి ఉంది: మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా, వేరే కంపెనీ టవర్ అందుతుంటే 112కి కాల్ వెళ్తుంది.

మరి ఏం పంపాలి? ఇలా ఒక మెసేజ్ చాలు:

"అహోబిలం పోతున్నాం, నలుగురం. బైకులు ఎగువ అహోబిలంలో పెడతాం. పొద్దున 6:30కి నడక మొదలు. జ్వాలా నరసింహ గుడి, అక్కణ్ణుంచి ఉగ్రస్తంభం, అదే దారిలో వెనక్కి. పావన వైపు పోవడం లేదు. 2కి కిందికొచ్చి ఫోన్ చేస్తా. 3 దాకా రాకపోతే మా నలుగురి నంబర్లకీ చెయ్యి. 3:30 దాకా ఎవరూ దొరక్కపోతే 112కి చేసి ఈ మెసేజ్ చదివి వినిపించు."

చూశారుగా, విమానాల మూడు దశలే. ఎవరెవరు వస్తున్నారో పేర్లు, నంబర్లు కూడా అందులో పెట్టండి. టైం మధ్యాహ్నం పెట్టడానికి కారణం ఉంది. చలికాలంలో ఆరుకల్లా చీకటి. 3:30కి కబురు అందితే రెండు గంటల వెలుతురు మిగులుతుంది. రాత్రి 8కి అందితే తెల్లారేదాకా ఆగాల్సి రావచ్చు. గ్రూపులో పడేయకుండా ఒక మనిషికి పంపి, సరే అనిపించుకోండి. గ్రూపులో పెడితే అందరూ చూస్తారు, ఎవరో ఒకరు చేస్తార్లే అనుకుంటారు.

ఒకసారి చెప్పాక దారి మార్చొద్దు. పైకెక్కాక "ఆ పక్కన జలపాతం ఉందంట" అని ఎవడో అంటాడు. కబురు పంపే సిగ్నల్ ఉంటే పంపి పోండి, లేకపోతే ఇంకో రోజు చూద్దాం. పావన నరసింహ వైపు పోయేటట్టయితే ఫారెస్ట్ వాళ్ళని ముందే అడగండి, అది పులులున్న అడవి. స్థానిక గైడ్‌ని తీసుకోండి. వానలప్పుడు భవనాశిని చూస్తుండగానే పొంగుతుంది, ఒడ్డున ఆగడమే మంచిది. సంచిలో నీళ్ళు, టార్చ్, పవర్ బ్యాంక్, కట్టు గుడ్డ, ఒక విజిల్ ఉండాలి. అరుపు కంటే విజిల్ దూరం పోతుంది, మూడేసి సార్లు ఊదితే ఆపద అని అర్థం. దారి తప్పామని తెలిసిన క్షణం ఆగిపోండి. కదిలే కొద్దీ మీరు ఆ గీత నుంచి చుట్టులోకి పోతున్నట్టే.

చివరిది. ఫ్లైట్ ప్లాన్‌ని దిగాక క్లోజ్ చేస్తారు, లేకపోతే క్షేమంగా ఉన్నవాళ్ళ కోసం వెతుకులాట మొదలవుతుంది. మీరూ కిందికి దిగి బైక్ దగ్గరికి రాగానే, టిఫిన్ కంటే ముందు, రీల్ అప్‌లోడ్ కంటే ముందు, ఆ మనిషికి ఫోన్ చేసి "వచ్చేశాం" అనండి.