1942 బర్మా వలస: ఓడెక్కిన కొందరు, నడిచివచ్చిన లక్షలు

రెండో ప్రపంచ యుద్ధంలో 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై తొలిసారి బాంబులు కురిపించాయి. క్రిస్మస్ నాడు మళ్లీ దాడి జరిగింది. అప్పటికి బర్మాలో సుమారు 10 లక్షల మంది భారతీయులు నివసించేవారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా వారే. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల పని, వీధుల పారిశుద్ధ్యం చాలావరకు తెలుగు కూలీల చేతుల్లో ఉండేవి. గోదావరి తీరంలోని కోరంగి రేవు పేరుతో బర్మీయులు వారిని 'కోరింగీ'లని పిలిచేవారు. అది గౌరవంగా పలికిన మాట కాదు.

దాడుల మృతుల్లో రేవు కూలీలు అనేకులు. మిగిలినవారు వేల సంఖ్యలో ప్రోమ్ దారి పట్టగా, సరకు దింపే దిక్కులేక రేవు స్తంభించింది. వారిని నచ్చజెప్పి వెనక్కి రప్పించిన ప్రభుత్వం, ఆ తర్వాత వయోజనులైన భారతీయ పురుషులు డెక్కు టికెట్టుపై ఓడెక్కరాదని ఆంక్ష విధించింది. క్యాబిన్ టికెట్టు కొనగలవారికి ఆ ఆంక్ష లేదు. యుద్ధానికి అత్యవసరమని కూలీని ఆపారు గాని, ఆ అత్యవసరానికి తగిన రక్షణ మాత్రం కల్పించలేదు. ఈ వలస చరిత్రలో అసలు వివక్ష ఇక్కడే ఉంది.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. సముద్ర మార్గం మూసుకుపోయాక మిగిలింది కొండదారులే. టౌంగప్ కనుమ గుండా అరకాన్ తీరానికి కొందరు, టాము మీదుగా మణిపుర్‌కు కొందరు, వానాకాలంలో హుకాంగ్ లోయ దాటి అస్సాంలోని లీడోకు మరికొందరు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి వెంటాడాయి. ఐరోపావారికి మెరుగైన మార్గం, భారతీయులకు దుర్గమమైన మార్గం కేటాయించారని, అవే 'తెల్లదారి', 'నల్లదారి' అని తీవ్ర ఆరోపణలు వచ్చాయి. భారత జాతీయ కాంగ్రెస్ ఈ వివక్షను ఖండించింది. మిచ్చీనా నుంచి విమానాల్లో బయటపడినవారూ ఉన్నారు. అక్కడా కూలీలకు చోటు దక్కడం అరుదు. దారిలో మరణించినవారిని ఎవరూ లెక్కించలేదు. అంచనాలు 10 వేల నుంచి లక్ష వరకు ఉన్నాయి.

సంపన్నులు నష్టపోలేదని కాదు. దిగువ బర్మా వరిభూముల్లో దాదాపు నాలుగో వంతు చెట్టియార్ల చేతుల్లో ఉండేది. అదంతా వదిలి రావలసి వచ్చింది. అయితే వారు పోగొట్టుకున్నది ప్రధానంగా ఆస్తి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో, అంటే అప్పుతోనే, బర్మా చేరిన కూలీకి వదిలిరావడానికి ఆస్తి లేదు. దారి ఖర్చుకు చేతిలో నగదూ లేదు.